పెద్దాయనకు తేదీ తప్పిన ఎండాకాలం

పాల్మాకుల డోర్కాస్‌కు ఒక అలవాటుంది. కంప్యూటర్ చెడిపోయిందని ఎవరు పిలిచినా, వెళ్లగానే దాని ముందు కూర్చోదు. ముందు అక్కడున్న మనుషులను పలకరిస్తుంది. కరెంటు ఎప్పుడు పోయింది, ఎవరొచ్చారు, ఎవరు ఏది ముట్టుకున్నారు, అన్నీ అడిగాకే కుర్చీ లాక్కుంటుంది. ఇది తండ్రి దావీదు నుంచి వచ్చింది. ఆయన బోరు మోటార్లు బాగుచేసేవాడు. మోటారు విప్పే ముందు రైతుతో తీరిగ్గా ముచ్చట పెడితే, పని రాక కాలం గడుపుతున్నాడని జనం నవ్వుకునేవాళ్లు. కానీ ఆయన విప్పి బిగించిన మోటారును మళ్లీ విప్పాల్సిన అవసరం వచ్చేది కాదు.

శంషాబాద్ చుట్టుపక్కల గోదాముల్లో సర్వర్లు చూసుకోవడం డోర్కాస్ బతుకుదెరువు. పెద్ద కంపెనీలో చేరలేదేమని చుట్టాలు ఏ పెళ్లిలోనూ అడగక మానరు. ఒకచోట కూర్చుంటే కాళ్లు గుంజుతాయని నవ్వేస్తుంది. విమానాలు నెత్తిమీద నుంచి పోతుంటే స్కూటీ మీద ఊళ్లు తిరగడమే ఆమెకు హాయి.

ఆ ఎండాకాలం గగన్‌పహాడ్‌లోని ఒక కోల్డ్ స్టోరేజీ గోదాము నుంచి పిలుపొచ్చింది. విమానమెక్కాల్సిన మందులు అక్కడ ఆగుతాయి. మందులు చల్లగా ఉంటే సరిపోదు, చల్లగానే ఉన్నాయని రుజువు కూడా ఉండాలి. గదిలోని యంత్రం ఎంత చలి ఉందో ఎప్పటికప్పుడు పంపుతుంటే, సర్వర్ దాన్ని ఫైలుగా రాసి తేదీ వేస్తుంది. నల్లగా, నిలువెత్తున, రొప్పుతూ ఉండే ఆ సర్వర్‌ను అందరూ పెద్దాయన అంటారు. ఇప్పుడా పెద్దాయన రాసిన ఫైళ్లలో కొన్నింటి మీద 1970 జనవరి ఒకటో తారీకు పడి ఉంది.

మేనేజర్ స్వర్ణలత గుంటూరు మనిషి, మాట పద్ధతిగా ఉంటుంది. విషయమంతా దాచకుండా చెప్పింది. ఎండలకు కరెంటు తరచూ పోతోంది. చల్లటి గదులకు జనరేటర్ ఉంది కానీ, ఆఫీసు ఇన్వర్టర్ ముసలిదైపోయి పెద్దాయనను నిలబెట్టలేకపోతోంది. కరెంటు వచ్చాక పెద్దాయనకు నెట్ అందడం లేదు. అప్పుడు చల్లటి గది చూసుకునే ఖదీర్ లోపలికెళ్లి వైరు పీకి మళ్లీ పెడితే నెట్ వస్తోంది. సరిగ్గా అప్పుడే ఈ వింత ఫైళ్లు పుడుతున్నాయి. గది చల్లదనం తప్పిందని దాచడానికి అతనే ఏదో చేస్తున్నాడేమోనని ఆమెకు అనుమానం. సోమవారం మందుల కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారు, ఆలోగా కారణం తేలకపోతే ఖదీర్‌ను తీసేయక తప్పదంది. దొంగ లెక్క రాశాడన్న మాట పడితే ఈ చుట్టుపక్కల ఏ గోదామూ అతన్ని గడప తొక్కనివ్వదు. ఆ సంగతి డోర్కాస్‌కు తెలుసు, ఖదీర్‌కు ఇంకా బాగా తెలుసు.

మామిడిపల్లి నుంచి వచ్చే ఖదీర్‌కు అన్నం డబ్బా విప్పబుద్ధి కూడా కాలేదు. "అక్కా, 1970ల మా అబ్బాకే మీసాలు రాలే. ఆ ఫైలు నేనెట్ల రాస్త?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, డబ్బాను సంచిలోకి తోసేశాడు.

ఆ తేదీ సంగతి ఆమెకు కొత్త కాదు. యూనిక్స్ జాతి యంత్రాలన్నీ కాలాన్ని అక్కడి నుంచే లెక్కపెడతాయి. ఈ రోజు ఏ తారీకో మరిచిపోయిన యంత్రం ఆ మొదటి తారీకుకే పోయి కూర్చుంటుంది. వాటి లెక్క అంతర్జాతీయ టైములో ఉంటుంది, అందులో అర్ధరాత్రి అయితే మన గడియారంలో పొద్దున ఐదున్నర. వింత ఫైళ్ల గుంపు ప్రతిసారీ ఆ ఐదున్నర దాటగానే మొదలైంది. మూత విప్పి చూస్తే, గడియారాన్ని నడిపించే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంది. దొరికిందిరా దొంగ అనుకుని సంబరంగా స్వర్ణలతకు చూపించింది.

స్వర్ణలత తెలివితక్కువది కాదు. "బ్యాటరీ పోయినా, లేవగానే నెట్‌లో టైము అడిగి సరిచేసుకుంటుందని మీరే చెప్పారు కదండీ. ఎందుకు సరిచేసుకోలేదు? ఖదీర్ ఆపలేదని నేనెలా చెప్పను?" అంది.

డోర్కాస్ వెనక్కి వెళ్లి మళ్లీ కుర్చీ లాక్కుంది. పెద్దాయనను ఆర్పి వెలిగించింది. నెట్ వచ్చింది, తేదీ సరిగ్గా పడింది. మళ్లీ చేసింది, మళ్లీ సరిగ్గానే పడింది. ఆమె ముట్టుకుంటే ఏ రోగమూ లేదు, ఖదీర్ ముట్టుకుంటేనే రోగం. సాయం చేద్దామని వచ్చి అతన్ని ఇంకా ఇరికించినట్టయింది. ఖదీర్ నేల చూపులు చూస్తుంటే ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

అంతలో వాచ్‌మన్ కుర్మయ్య చాయ్ ఫ్లాస్కు పట్టుకొచ్చాడు. స్వర్ణలత ఫోన్‌లో ఉంది. ఆయన ఫ్లాస్కును చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. గొంతెండిపోతోంది, జర పోయమని డోర్కాస్ అడిగితే, మేడం ఇంకా తాగలేదని మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఆయన చాయ్ ఎప్పుడూ అంతే. మేనేజర్, తర్వాత ఆఫీసు వాళ్లు, తర్వాత ఖదీర్, ఆఖరున తను. ఆ వరస తప్పితే ఆయనకు ముద్ద దిగదు.

ఆ వరసను చూస్తుండగా డోర్కాస్‌కు చటుక్కున గుర్తొచ్చింది. అందరినీ అడిగింది, కుర్మయ్యను తప్ప. కరెంటు వచ్చాక స్విచ్చులు వేసేదెవరు తాతా అంటే, నేనే అన్నాడు. అన్నీ ఒక్కసారి వేస్తే లోడు పడుతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడట, అందుకని ఒక్కొక్కటే వేస్తాడట. ఏది ముందు?

"పెద్దాయనకే ఫస్ట్ బిడ్డా. ఆయన మంచిగ లేచి కూసున్నంక, ఓ బీడీ తాగొచ్చి ఆ చిన్న డబ్బకు ఏస్త. పెద్దాయన లేవకముందే చిన్నోన్ని లేపితే మర్యాదేనా?"

చిన్న డబ్బా అంటే నెట్ పంచే డబ్బా, గదిలోని చలి లెక్క కూడా దాని గుండానే రావాలి. పెద్దాయన లేవగానే ఒకే ఒక్కసారి దాన్ని పిలుస్తాడు, అది పలకకపోతే నెట్టూ వద్దు, టైమూ వద్దు అని ఊరుకుంటాడు. వైరు పీకి పెడితే నెట్ తెచ్చుకుంటాడు కానీ, టైము మాత్రం మళ్లీ అడగడు. డోర్కాస్ ఆర్పి వెలిగించినప్పుడల్లా చిన్న డబ్బా మేలుకునే ఉంది. ఆమె నవ్వాపుకోలేక, ఫోన్ పెట్టించి మరీ స్వర్ణలతను లాక్కొచ్చింది.

అన్నీ ఆర్పి, కుర్మయ్యను రోజూ వేసినట్టే వేయమన్నారు. ఆయన బీడీ కూడా తాగొచ్చాడు. పెద్దాయనకు నెట్ లేదు. అప్పుడు డోర్కాస్ ఆ వైరును స్వర్ణలతనే పీకి పెట్టమంది. ఆమె పెట్టగానే నెట్ వచ్చింది. కాసేపటికి పుట్టిన ఫైలు మీద 1970 పడింది. స్వర్ణలత తన చేతివేళ్లను ఒకసారి చూసుకుంది.

"నేను తొందరపడ్డాను ఖదీర్. మనసులో పెట్టుకోకు," అంది.

ఖదీర్ ముఖం విప్పారింది కానీ కుర్మయ్య ముఖం చిన్నబోయింది. "అంటే గీ పిల్లగాడు నా వల్లనే పరేషాన్ అయిండా?" అన్నాడు. డోర్కాస్ ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు చెడు చెయ్యలే తాతా. పెద్దాయన లేవంగనే ఇయ్యాల ఏ తారీకని అడుగుతడు. చెప్పేటోడు ముందుగాల లేచి ఉండాలె, గంతే." కొత్త బిళ్ల వేసింది. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండమని పెద్దాయనకూ నేర్పింది. ఇక ఏది ముందు వేసినా ఫర్వాలేదు, కానీ ఆ మాట కుర్మయ్యకు చెప్పలేదు. దిద్దుకునే అవకాశం ఆయనకూ ఉండాలనిపించింది.

సోమవారం కాసేపటికి పాత బిళ్లనూ పాత పద్ధతినీ తిరిగి పెట్టి, తనిఖీవాళ్ల ముందు అదే తంతు మళ్లీ చేసి చూపించారు. గదిలోని యంత్రం తన దగ్గర కూడా ఒక లెక్క ఉంచుకుంటుంది, అది తనిఖీవాళ్లకే తెరుచుకుంటుంది; దాన్ని వాళ్లు ఫైళ్లతో పోల్చుకున్నారు. చలి ఎక్కడా తప్పలేదని ఒప్పుకుని వెళ్లిపోయారు.

వాళ్ల కారు గేటు దాటాక కుర్మయ్య ఫ్లాస్కు తెచ్చాడు. స్వర్ణలత అలవాటుగా చెయ్యి చాచింది. ఆయన ఆమెను దాటుకుని పోయి, మొదటి కప్పు ఖదీర్ చేతిలో పెట్టాడు. ఖదీర్ కంగారుగా మేడం వైపు చూశాడు.

"తాగు బిడ్డా," అన్నాడు కుర్మయ్య. "చిన్నోనికి ముందియ్యాలెనట. నాకు గిప్పుడే తెల్సింది."

స్వర్ణలత చాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసింది.