తక్కెడ బాబాయ్ ఇసుక సంచులు

తక్కెడ బాబాయ్ దేన్నీ దేనితోనూ ఊరికే పోల్చడు. రెండూ అన్ని విధాలా సమానంగా ఉన్నాయని తేలేదాకా ఆయన నోరు పెగలదు. కార్ల పత్రికలో స్పోర్ట్స్ కార్ల ల్యాప్ టైమ్, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, కొలవడం ఆయన ఉద్యోగం. మెడలో స్టాప్‌వాచ్, చంకలో నోటుపుస్తకం లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.

ఒక విలేకరి పొద్దున ఎర్ర కారునూ మధ్యాహ్నం నీలం కారునూ నడిపి, ఎర్రదే వేగమని రాసుకొచ్చాడు. "మధ్యాహ్నం ట్రాక్ పెనంలా ఉంటుంది బాబూ. నీలం కారు నీకేం అన్యాయం చేసింది?" అని బాబాయ్ ఆ రాతను తిప్పిపంపాడు.

ఇంట్లోనూ ఇదే వరస. "నిన్నటి కూర బాగుందా, ఇవాళ్టిదా?" అని భార్య అడిగితే, "నిన్న నాకు ఆకలి ఎక్కువ. పోల్చకూడదు," అన్నాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆవిడకు దక్కిన పెద్ద మెప్పు అదే.

అలాంటి మనిషి చేతిలో, పత్రిక కోసం ఆ కార్లు నడిపే డ్రైవరమ్మాయి ఉద్యోగం పడింది. పత్రికకు ఒక్క డ్రైవర్ చాలన్నాడు యజమాని. పోటీ ఆమెకూ యజమాని మేనల్లుడికీ. ఒకే కారు, మార్చి మార్చి మూడేసి ల్యాపులు. ఓడినవాళ్లు ఇంటికి.

పోటీ రోజు బాబాయ్ ఇద్దరినీ తూకం ఎక్కించాడు. ఆమె యాభై నాలుగు కిలోలు, మేనల్లుడు డెబ్బై ఎనిమిది. బాబాయ్ గబగబా ఇసుక సంచులు తెచ్చి ఆమె పక్క సీటుకు కట్టేశాడు.

"నా పక్కన ఇసుకేంటి బాబాయ్?"

"నువ్వు తేలిక తల్లీ. సమానం చేయాలిగా."

"నా ఉద్యోగం పోయేలా ఉంటే మీకు ఇసుక గొడవా?"

బాబాయ్ వంగి టైర్లలో గాలి చూడసాగాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటంతా యాక్సిలరేటర్ మీద చూపించింది. ఆమె దిగినప్పుడల్లా బాబాయ్ సంచులు దింపాడు, ఎక్కినప్పుడల్లా ఎక్కించాడు. ఆఖరి ల్యాపుకి ఆయన నడుము పట్టేసింది.

సగటున సెకనులో మూడు పదో వంతుల తేడాతో ఆమే గెలిచింది.

యజమాని మొహం మాడిపోయింది. "మావాడికి పాత టైర్లు వేశారేమో?"

బాబాయ్ నోటుపుస్తకం తెరిచాడు. "ఇద్దరికీ కొత్తవే సార్."

"పెట్రోలు?"

"ప్రతి ల్యాపుకీ ఇరవై లీటర్లకు నింపాను."

"ఆ అమ్మాయి బక్కపలచన. అందుకే కారు పరిగెత్తింది."

బాబాయ్ వేలితో ఇసుక సంచులు చూపించాడు. యజమాని మేనల్లుణ్ణి వెంటపెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంతసేపూ తను ఎవరి మీద పళ్లు నూరిందో తలుచుకుని డ్రైవరమ్మాయి సిగ్గుపడింది.

ఆయన నడుము చూసి జాలేసి, ఈసారి సంచులు తనే దింపింది. ఆరు కిలోలవి నాలుగు. వాటి వెనకాల రెండు కిలోల బుల్లి సంచి ఇంకొకటి.

"లెక్క ఇరవై నాలుగేగా బాబాయ్. ఇదెందుకు?"

బాబాయ్ తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు. "నువ్వే గెలవాలని నాకు మనసులో ఉంది తల్లీ. నీ కారు గీత దాటేలోపే నా బొటనవేలు తొందరపడి వాచీ నొక్కేస్తుందేమోనని, దానికి రెండు కిలోలు ఎక్కువేశాను."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. మిగతా సంచులు స్టోరుకు పంపించి, ఆ బుల్లి సంచిని మాత్రం చంకనెత్తుకుని ఇంటికి పట్టుకుపోయింది.