క్లచ్ లేని లారీ

మా అన్న లారీలో పెడళ్లు రెండే. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. క్లచ్ ఉండవలసిన చోట వట్టి రేకు. పురానాపూల్ దగ్గర లారీ ఆగితే చాలు, తోటి డ్రైవర్లు తలుపు తీసి లోపలికి వంగి ఆ ఖాళీని చూసి పోయేవారు. ఏమీ లేని చోటును చూడడానికి అంతమంది రావడం నేను మళ్లీ ఎక్కడా ఎరుగను.

అన్నకు ఆ ఖాళీయే బతుకు. కొన్నేళ్ల ముందు బండి చక్రం అతని ఎడమ మోకాలి మీదుగా పోయింది. ఎముక అతికింది కాని మోకాలు వంగలేదు. నడవగలడు, బరువెత్తగలడు, క్లచ్ మాత్రం తొక్కలేడు. మీసాలు రాకముందు నుంచి లారీల మీద తిరిగినవాడికి ఇక ఏ యజమానీ బండి ఇవ్వలేదు. మాది పాలవాళ్ల ఇల్లు. మూసీ వైపు దిగే గల్లీలో ముందు బర్రెల కొట్టం, వెనక మేము. అన్న ఆ కొట్టంలో నిలబడి బర్రెలకు మేత వేసేవాడు. పాలు పితకడానికి కూడా మోకాలు వంగాలి కదా, ఆ పనికీ పనికిరాలేదు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

మా గల్లీ చివర మోటారు మరమ్మతు చేసే ఉస్తాద్ అన్నకు చిన్ననాటి దోస్తు. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చాడు. మిలిటరీ వేలంలో తుక్కు కింద పోతున్న ఒక అమెరికా యుద్ధపు బండి నుంచి ఇంజనునూ, దానికి అతికి ఉన్న గేర్‌బాక్సునూ అతనే పట్టుకొచ్చి ఒక పాత లారీ చట్రంలో కూర్చాడు. ఆ గేర్‌బాక్సు నూనె ఒత్తిడితో తనంతట తానే గేరు మార్చుకుంటుంది. డ్రైవరుకు కుడికాలొక్కటి ఉంటే చాలు. అన్న మొదటిసారి దాన్ని నడిపి గల్లీలోకి తెచ్చిన పొద్దు అమ్మ లారీ ముందు చక్రానికి పసుపు రాసి, ఆ చేత్తోనే అన్న మోకాలికి కూడా రాసింది.

అయితే ఆ గేర్‌బాక్సుకు ఒక జబ్బు ఉంది. గేరు మారేటప్పుడు నడుమ జారేది. ఇంజను ఊరికే హోరెత్తేది, చక్రాలకు బలం అందేది కాదు. ఖాళీ బండిలో అది తెలిసేది కాదు. బేగంబజార్‌లో ఇత్తడి పాత్రల టోకు వ్యాపారి ఒక సేఠ్ మొదటిసారి సరుకు ఎత్తి వికారాబాదుకు పంపాడు. కార్వాన్ బస్తీ దాటాక గోల్కొండ వైపు ఎక్కే చఢావు మీద లారీ గేరు మార్చుకోబోయి జారి, ఆగి, వెనక్కి దొర్లింది. అన్న బ్రేకు తొక్కాడు. కాని వెనక పలక ఊడి బిందెలు రోడ్డంతా దొర్లాయి. చఢావు ఎక్కేదాకా చూసి పోదామని వెనకాలే టాంగాలో వస్తున్న సేఠ్ దాన్ని కళ్లారా చూశాడు. ఆయన టాంగా గుర్రం కూడా చూసింది. అది ఎటు పోయిందో సేఠ్ చాలాకాలం చెప్పుకున్నాడు.

ఆ మాట బేగంబజార్ అంతా పాకింది. మరే దుకాణదారూ సరుకు ఎత్తలేదు. సేఠ్ మంచివాడు, ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఆదివారం తానే వచ్చి పక్కన కూర్చుంటానన్నాడు. నిండు లోడుతో ఆ చఢావు ఎక్కిస్తే వికారాబాదు సరుకంతా అన్నదే. లేకపోతే ఆ ఇంజను తీసి మామూలు క్లచ్ ఇంజను వేసుకోవాలి, లారీ ఇంకొకరి చేతికి ఇవ్వాలి, అన్న మళ్లీ కొట్టంలోకి రావాలి.

ఉస్తాద్ బండి కింద దూరి చూసి వచ్చి, లోపల తిరిగే చక్రాలను గుండ్రంగా పట్టుకునే పట్టీలు ఉంటాయని, నూనె ఒత్తిడి తక్కువై వాటి పట్టు సడలుతున్నదని చెప్పాడు. నేను అర్థం కానట్టు చూస్తే, "పహిల్వాన్ చేతులకు నూనె రాస్కొని కుస్తీ పడ్తె ఎట్లుంటది? గట్లుంది. పట్టుకుంటడు గని జారుతడు" అన్నాడు. ఒత్తిడిని నిలిపే స్ప్రింగు వెనక వాషర్లు వేసి బిగిస్తే పట్టు పెరుగుతుంది. గేరు మెత్తగా మారదు, తన్నినట్టు మారుతుంది. మాకు కావలసింది అదే.

అతని దుకాణమంటే ఒక అరుగు మాత్రమే. అందుకని పని మా ఇంటి వాకిట్లోనే పెట్టుకున్నాం. లారీ కిందికి దిగి పని చేయడానికి గుంత కావాలి. మాకు పెంటగుంత ఉండనే ఉంది. పెంటంతా ఎత్తి పోసి, వరిగడ్డి పరిచి, లారీని దాని మీదకు తెచ్చి నిలిపాం. వాసన మాత్రం ఎత్తి పోయడానికి రాలేదు. ఉస్తాద్ ముక్కు కింద అత్తరు రాసుకుని దిగాడు.

నేను అప్పుడు ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తాను. సెలవు పెట్టాను. ఊడి వచ్చిన ప్రతి ముక్కను అమ్మ వడియాలు ఎండబెట్టే చాప మీద వచ్చిన వరసలోనే పెట్టి, పక్కన సుద్దతో అంకె వేసి, డైరీలో బొమ్మ గీసుకునేవాణ్ని. వేలెడంత లేని ఇత్తడి కవాటాలు, వెంట్రుకంత సన్నని స్ప్రింగులు. అంత పెద్ద లారీకి ఎప్పుడు గేరు మార్చాలో ఆజ్ఞ ఇచ్చేవి అవేనని తెలిసి నాకు ఒళ్లు పులకరించింది. అన్నం తినడానికి కూడా అక్కణ్నుంచి లేవబుద్ధి కాలేదు. ఇప్పటికీ ఆ పేజీలు నూనె తాగి పలచగా, అవతలి పేజీ కనిపించేట్టు ఉన్నాయి.

వాషర్లు పడ్డాయి, పట్టీలు బిగిశాయి. ఇక తీసిన నూనె తిరిగి పోయాలి. అది మామూలు నూనె కాదు, ఊళ్లో దొరకదు. శుక్రవారం కావడంతో ఉస్తాద్ జుమ్మా నమాజుకు వెళ్లాడు. అన్న, నేను నూనె చూస్తే అందులో గడ్డిపరకలు తేలుతున్నాయి. మేము అడగకముందే అమ్మ పాలు వడకట్టే గుడ్డ తెచ్చింది. మా ఇంట్లో గుడ్డ లేకుండా ఏదీ పోయరు. పాలు, నెయ్యి, చివరికి బావినీళ్లు కూడా. వాడి వాడి మెత్తబడిన గుడ్డ. ఇద్దరం రెండు కొసలు పట్టుకుని వడకట్టాం. నూనె కరిగిన నెయ్యిలా మెరిసింది. ఉస్తాద్ వచ్చేసరికి పోయడం కూడా అయిపోయింది.

సాయంత్రం అన్న లారీ తీశాడు. మొదటి గేరు నుంచి రెండోదానికి మారినప్పుడు మమ్మల్ని ఎవరో వెనక నుంచి నెట్టినట్టయింది. జారుడు లేదు. అన్న పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! కాని పురానాపూల్ వంతెన దాకా పోయినా మూడో గేరు పడలేదు. ఇంజను అరుస్తూనే ఉంది, బండి ఎడ్లబండితో సమానంగా పోతూనే ఉంది. బండి తిప్పుకుని ఇంటికి వచ్చాం.

శనివారం పొద్దున్నే మళ్లీ విప్పాం. ఒక కవాటం తన గాడిలో బిగుసుకుపోయి కదలడం లేదు. ఉస్తాద్ దాన్ని ఒడుపుగా లాగితే చుట్టూ తెల్లగా ఏదో చుట్టుకుని వచ్చింది. ఎండలో పట్టి చూశాడు. అమ్మ వచ్చి దాన్ని వేళ్ల మధ్య నలిపింది.

"మా పాలగుడ్డ పోగు గదా ఇది."

ఉస్తాద్ గుంత గట్టు మీద కూలబడ్డాడు. "మిలిటరీల పోగులు రాల్తయని మమ్ముల రుమాలు గూడ జేబుల ఉంచుకోనియ్యకపోతుండె అమ్మా. ఈడ పూరా గుడ్డతోనే వడగట్టిన్రా?"

"నూనె ఖరాబ్ గావొద్దని చేసినం భాయ్" అన్నాడు అన్న, తల దించుకుని.

"తోడు పెట్టనీకె ఇదేమన్న పాలా భాయ్?"

అమ్మ ఊరుకోలేదు. "నమాజుకు పొయ్యేటప్పుడు నువ్వన్న చెప్పి పోవాలె గద బిడ్డా. ఈ ఇంట్ల వడగట్టకుండ నీకు చాయ్ గూడ పోయలే నేను."

ఉస్తాద్‌కు నవ్వు ఆగలేదు. అన్నకు కూడా. నవ్వుతూనే భయపడుతున్నాం, మర్నాడే ఆదివారం. ముక్కలన్నీ కిరసనాయిల్‌లో కడిగి, సైకిలు పంపుతో గాలి కొట్టి, గుడ్డ తగలనివ్వకుండా ఎండలో ఆరబెట్టాం. నూనెలో ఉన్న పోగుల మాటేమిటన్నది అమ్మ తేల్చింది. కదపకుండా గంగాళంలో ఉంచితే మడ్డి అడుగుకు పోతుంది, పైది తేరిన నెయ్యి వంచినట్టు వంచుకోమంది. రాత్రంతా దాని దగ్గరికి బర్రెను కాదు కదా, మమ్మల్ని కూడా రానివ్వలేదు. తెల్లారి పైనూనెను సన్నని ఇత్తడి తీగ జల్లెడలో నుంచి పోశాం.

సేఠ్ మాట తప్పలేదు. లారీ నిండా బిందెలు, గంగాళాలు ఎత్తించి అన్న పక్కన కూర్చున్నాడు. ఉస్తాద్, నేను వెనక పాత్రల మధ్య తాడు పట్టుకుని నిలబడ్డాం. కార్వాన్ దాటింది. చఢావు మొదలైంది. ఇంజను బరువుగా గుంజుతోంది. బిందెలు దొర్లిన చోటు వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఖంగుమని లారీలోని ఇత్తడంతా ఒక్కసారి మోగింది. గేరు మారింది. మా ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. లారీ మాత్రం వెనక్కి అంగుళం పోలేదు. పైకి పోతే మరింత నిటారు. తనంతట తానే కింది గేరుకు దిగింది, మళ్లీ ఖంగుమంది, మళ్లీ ఎక్కింది. ఉస్తాద్ నా భుజం పట్టుకుని కుదుపుతున్నాడు. నేనేదో అరుస్తున్నాను. ఏం అరిచానో ఆ మోతలో నాకే వినిపించలేదు.

పైన సమంగా ఉన్న చోట అన్న ఆపాడు. సేఠ్ దిగి, కళ్ల మీదికి జారిన పగిడీని సర్దుకుని నడుము పట్టుకున్నాడు.

"గాడీనా, గాడిదనా ఇది? నడుం మీద తన్నింది."

అన్న స్టీరింగు వదలలేదు. "ఎన్కకు పోలే గద సేఠ్."

సేఠ్ దిగువకు చూశాడు, లోడు వైపు చూశాడు. "నై పోలే" అన్నాడు. "రేపు పొద్దుగాల వికారాబాద్‌కు తీస్కపో."

"రేపెందుకు? లోడు మీదనే ఉంది గద."

సేఠ్ పగిడీ తీసి దులుపుకునేలోగా ఉస్తాద్ ఒక్క గంతులో క్యాబిన్‌లోకి ఎక్కాడు. నన్ను దిగమన్నాడు అన్న, ఇంట్లో చెప్పాలి కదా అని. నేను దిగీ దిగకముందే లారీ కదిలింది. రోడ్డు పక్కన నేను, పగిడీ చేతిలో పట్టుకుని సేఠ్ నిలబడ్డాం. మూడో గేరు ఖంగుమన్నది అంత దూరం నుంచి కూడా వినిపించింది.

"నా సరుకు పొయ్యింది. నేను ఈడనే ఉన్న. టాంగా ఏడ దొరుకుతది?" అన్నాడు సేఠ్.

కార్వాన్ దాకా నడవాలని చెప్పాను. ఇద్దరం నడిచి దిగాం. దారి పొడుగునా ఆయన నడుము నొక్కుకుంటూ, మరుసటి వారం ఎంత సరుకు ఎక్కించవచ్చునో నన్ను అడుగుతూనే ఉన్నాడు.