నమ్మానని చెప్పకుండానే పోయాడు మా మామ

మా మామ పోయాడన్న కబురు నాకు పొద్దున పది గంటలకు తెలిసింది. ఆయన పోయింది ఆరింటికి. నేను కుప్పంలో ఒక పాల చిల్లింగ్ సెంటర్‌లో సూపర్‌వైజర్ని. ట్యాంకర్ దగ్గర శాంపిల్ తీస్తుంటే నా భార్య ఫోన్ చేసింది. తను మదనపల్లెలో మా పాపతో వేరుగా ఉంటుంది. రెండేళ్ళుగా నా దగ్గర లేదు.

"నాయన పోయినాడు. ఈడ, ఆస్పత్రిలో. పొద్దున ఆరుకి," అంది.

నా నోటిదాకా వచ్చిన మొదటి మాట "ఇప్పుడా చెప్పేది?" అని. మనిషి పోయాడంటే నాకు ముందు లెక్కకు వచ్చింది ఆ నాలుగు గంటలు. ఆ మాటను మింగేసి, "నేను రావచ్చా?" అని అడిగాను. "రా. పుంగనూరికి, ఇంటికి తెస్తాండాం," అని పెట్టేసింది.

పలమనేరు మీదుగా పుంగనూరికి వెళ్ళే బస్సులో దారిపొడుగునా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీదే. ఒక్క మాట నాకు బాకీ పెట్టి పోయాడని కోపం. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం అలాగే ఉంది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను జరిగింది రాస్తాను.

మామ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పుంగనూరు, సదుం చుట్టుపక్కల ఆయన ఎక్కని స్తంభం లేదనేవాళ్ళు. అత్తమ్మ మా పెళ్ళికి ముందే పోయింది. ఒక్కడే ఉండేవాడు, ఒక్కడే సంగటి కెలుక్కునేవాడు. నోటిమాట నమ్మే మనిషి కాదు. ఇంట్లో ఫ్యూజు వేయాలన్నా మెయిన్ ఆపానని ఎవరైనా చెబితే ఊఁ కొట్టి, వెళ్ళి తానే చూసి వచ్చేవాడు. "ఆపినామని చెప్పినోళ్ళు అందరూ మంచోళ్ళే అప్పా. స్తంభమెక్కేది మాత్రం నేను," అనేవాడు. పెళ్ళైన కొత్తలో ఈ అలవాటు చూసి నవ్వుకునేవాణ్ణి. అది ఒకరోజు నా మీదికే వస్తుందని అనుకోలేదు.

నేను నా భార్యను కొట్టలేదు. చాలాకాలం ఈ ఒక్క వాక్యం పట్టుకుని బతికాను. తను ఎక్కడుందో నా ఫోన్లో కనబడాలి. కూరగాయలకు వెళితే ఎంతసేపు పట్టాలో నేనే చెప్పేవాణ్ణి. ఎవరితో మాట్లాడింది, ఎందుకు మాట్లాడింది, ఆ చీర ఎందుకు కట్టింది, అన్నిటికీ నాకు జవాబు కావాలి. దొంగల భయమని చెప్పి హాల్లో కెమెరా పెట్టించాను. వంటింటి గడప దాకా కనబడేది. పాలకు వెన్న శాతం చూసుకుంటూనే పక్కన ఫోన్లో ఇల్లు చూసుకునేవాణ్ణి. ఒకరోజు తను కెమెరాను గోడవైపు తిప్పేసింది. డ్యూటీ మధ్యలో బండేసుకుని ఇంటికెళ్ళి వీధంతా వినబడేలా అరిచాను. మర్నాడు తను పాపను తీసుకుని పుంగనూరికి వెళ్ళిపోయింది.

వారానికి నేను తీసుకురావడానికి వెళ్ళాను. మామ వాకిట్లోనే కూర్చోబెట్టాడు. సంగటి, పప్పు పెట్టాడు. నేను తిని చేయి కడుక్కున్నాక అన్నాడు.

"నా కూతురు ఏమీ చెప్పలేదు నాకు. పాప చెప్పింది."

"పాప ఏం చెప్పింది మామా?"

"చెప్పలేదు, అడిగింది. మొన్న కడవ కాడ నిలబడుకొని, తాతా నీళ్ళు తాగొచ్చునా అని అడిగింది. ఏడేండ్ల బిడ్డ. దప్పికైతే నీళ్ళు తాగేదానికి పర్మిషన్ అడుగుతాండాదే, ఎవరు నేర్పించినారప్పా?"

నేను కొట్టలేదు మామా, ఒక్క దెబ్బ కూడా వేయలేదు, అన్నాను.

"అది గొప్పా?" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. గిన్నె తీసి పక్కన పెట్టాడు. "బిడ్డను పంపను. నీకు లోపల ఏదో బాగలేదు. మనసు డాక్టరును సూడు. ఈడ అట్లాంటోళ్ళు లేరంట, ఆస్పత్రి నర్సమ్మను అడిగినా. ఫోన్లో దొరుకుతారంట. మీ ఇంటికొచ్చినప్పుడు ఆ కెమెరా సూసినా, ఫోన్లో నా కూతుర్ని సూసేది నీకు చేతనవుతాది గదా. అదే ఫోన్లో డాక్టర్ని ఎతుక్కో."

ఆ రోజు బస్టాండు దాకా ఆయన్ను తిట్టుకుంటూ నడిచాను. స్తంభాలెక్కిన మనిషికి నా మనసు గురించి ఏం తెలుసు? పెళ్ళాం పిల్లలు బాగుండాలని చూసుకోవడం కూడా జబ్బేనా? మా వైపు మగవాళ్ళందరూ అదే అన్నారు. "నువ్వేమన్నా పిచ్చోడివా?" అన్నారు. ఇంట్లో కెమెరా ఉందని తెలిసిన వాళ్ళు ఒక్కరు కూడా, అది ఎందుకు పెట్టావని అడగలేదు. దాన్ని ప్రేమ అనుకున్నారు. నన్ను అట్లా చేసిన మాటలన్నీ వాళ్ళవే. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళ మీదా కోపమే.

అయినా వెతికాను, మామ నోరు మూయించడానికి. ఒక వెబ్‌సైట్లో మీ సమస్య ఏమిటని వరసగా గళ్ళు ఇచ్చారు. దిగులు, నిద్ర, కోపం, ఇతరులను అదుపు చేయాలనిపించడం. నేను నిద్ర దగ్గర టిక్కు పెట్టాను. బెంగళూరు నుంచి ఒకామె ఇంగ్లీషులో మాట్లాడింది. నేను నిద్ర పట్టలేదన్నాను. ఊపిరి ఎలా పీల్చాలో నేర్పింది. సంబరంగా పుంగనూరు వెళ్ళి అయిపోయింది మామా అన్నాను.

"కెమెరా సంగతి చెప్పినావా?"

"లేదు."

"బిడ్డ నీళ్ళడిగేది చెప్పినావా?"

"లేదు."

"మరి ఆయమ్మ దేనికి మందిచ్చింది?"

రెండోసారి తెలుగువాడే దొరికాడు. ఫొటోలో కోటు వేసుకుని ఉన్నాడు. ఈసారి కెమెరా గురించి చెప్పాను. ఆయన నవ్వి, ప్రేమ ఎక్కువైనవాళ్ళు అట్లాగే ఉంటారన్నాడు, ఆడవాళ్ళే అర్థం చేసుకుని సర్దుకోవాలన్నాడు, కావాలంటే మీ భార్యతో నేను మాట్లాడతానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కాల్ గురించి మామకు చెబితే, "ఏం సదివినాడంట?" అన్నాడు. నర్సమ్మ ముందే చెప్పి పెట్టిందట, చదువూ రిజిస్ట్రేషనూ అడిగి చూసుకోమని. ఆ సాయంత్రం మెసేజి పెట్టాను. ఆ పెద్దమనిషి జవాబివ్వలేదు. మళ్ళీ అడిగితే నన్ను బ్లాక్ చేశాడు.

"నిన్ను మెచ్చుకునేవాణ్ణి ఎతుక్కున్నావు," అన్నాడు మామ. "అట్లాంటోళ్ళు నీకు ఈడే పదిమంది ఉండారు గదా, ఫోనెందుకు?"

మూడోసారి దొరికినామె క్లినికల్ సైకాలజిస్టు. నంబరుతో సహా తన రిజిస్ట్రేషన్ చూపించింది. తెలుగు మనిషి. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది. "మీ భార్య వెనక్కి రావాలని వచ్చారా, మీరు మారాలని వచ్చారా? మొదటిదైతే నేను సాయం చేయలేను." నేను కాల్ కట్ చేశాను. ఫోను మంచం మీదికి విసిరాను. రెండు వారాలు అటువైపు పోలేదు.

ఆ రెండు వారాల్లో మామ నాకు ఫోన్ చేయలేదు, నేను చేస్తే మాత్రం ఎత్తాడు. కట్ చేశానని చెప్పాను. "మల్లా చెయ్," అన్నాడు. "ఈసారి ఈడికొచ్చి మాట్లాడు. మిద్దె మీద రూము ఉండాది. నువ్వు మాట్లాడింది నాకు వినబడదులే, మాట్లాడినావని మాత్రం తెలియాల."

అప్పటికి నా భార్యకు మదనపల్లెలో ఒక స్కూలు ఆఫీసులో పని దొరికింది. పాపను అక్కడే చేర్చింది. ఏ వీధిలో ఉందో నాకు చెప్పలేదు. మామకు తెలుసు. ఆయనా చెప్పలేదు. నేను కుప్పం నుంచి ప్రతి గురువారం, నా సెలవు రోజు, పుంగనూరు వచ్చి మిద్దె మీద గదిలో ఫోన్లో ఆ సైకాలజిస్టుతోనే మాట్లాడేవాణ్ణి. కింద మెట్టు మీద మామ చెనక్కాయలు ఒలుస్తూ కూర్చునేవాడు. ఎవరైనా వస్తే "అల్లునికి పని ఉండాది, మల్లా రాండి" అని పంపేసేవాడు. ఏం పని అని అడిగితే మాత్రం దాచేవాడు కాదు. "మనసు డాక్టరుతో మాట్లాడతాండాడు," అనేవాడు, పంటి డాక్టరు అన్నంత మామూలుగా. నాకు మండిపోయేది. ఊరంతా తెలియాలా అని ఒకసారి అడిగాను. "నువ్వు అరిసిన పొద్దు వీధంతా వినబడింది గదా. ఇది కూడా విననీ," అన్నాడు.

ఆ గదిలో ఏం జరిగిందో అంతా రాయలేను. ఒక గురువారం ఆమె అడిగింది, కెమెరాలో ఏం కనిపిస్తే మీకు నిమ్మళంగా ఉండేదని. చాలాసేపు ఆలోచించాను. తను వంట చేస్తూ కనిపించినా నిమ్మళం లేదు. ఊరికే కూర్చున్నా లేదు. నిద్రపోతున్నా లేదు. ఏది కనిపించినా నిమ్మళం లేనివాణ్ణి మూడేళ్ళు ఎందుకు చూశాను? ఆ రోజు కిందికి దిగి వచ్చాను. మామ నా ముఖం చూసి మెట్టు మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. గుప్పెడు చెనక్కాయలు నా చేతిలో పోశాడు. ఇద్దరం ఒలిచాం. అంతే. తర్వాతి వారం కుప్పంలో కెమెరా ఊడబీకాను. ఆయనకు చెప్పాను. "ఊఁ," అన్నాడు. ఆ పక్క ఆదివారమే చెప్పాపెట్టకుండా కుప్పం వచ్చి, గోడకు మిగిలిన రెండు మేకుల బొక్కలు చూసి, మంచినీళ్ళు తాగి, తిరుగు బస్సెక్కాడు.

ఏడాది దాటాక నా భార్య ఆదివారాలు పాపను చూడనిచ్చింది; నేను సెలవు ఆదివారానికి మార్చుకున్నాను. మదనపల్లె బస్టాండు దగ్గర హోటల్లో, తన ఎదురుగా. మొదటి రోజు పాప నా ముందు గ్లాసు ఎత్తి, అడగకుండా నీళ్ళు తాగింది. తాగుతూ నా వైపు చూసింది. ఆ చూపుకు నేను బతికున్నంతకాలం జవాబు చెప్పుకోవాలి.

ఆ సంబరంలోనే మామను అడిగాను. "మామా, నేను మారినానని నమ్ముతాండావా?"

ఆయన సంగటి ముద్ద చేస్తున్నాడు. తల ఎత్తలేదు. "నన్నడిగి ఏం లాభం? నాకు నువ్వేం చేసినావు? ఆ బిడ్డనడుగు." ముద్ద నా కంచంలో వేశాడు. "అడగొద్దులే. అది కూడా నీకు జవాబు చెప్పే పనైపోతాది దానికి."

మళ్ళీ అడగలేదు. ఎప్పటికైనా తనంతట తానే అంటాడనుకున్నాను. గుండె సంగతి నాకు చెప్పనేలేదు. కూతుర్ని చూడడానికి మదనపల్లె వెళ్ళినవాడు అక్కడే పడిపోయాడట. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడట. నాకెవరూ చెప్పలేదు. చెబితే నేను వచ్చి డాక్టర్ల మీద, నర్సుల మీద, వాళ్ళందరి మీదా పెత్తనం చేస్తానని మామే వద్దన్నాడట. ఆ మాట విన్నప్పుడు నేను ఎవర్ని తిట్టాలి?

పుంగనూరు చేరేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. చుట్టాలు వచ్చారు. మామ తమ్ముడు నా భుజం పట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు. "మాయన్న అన్నీ బాగ చేసినాడు గానీ కూతురి కాపురం నిలబెట్టలేకపోయినాడు. ఇంట్లో పెట్టుకొని చెడగొట్టినాడు. అల్లుడు సూడు, దేవుడట్లాంటోడు, ఏమన్నా అన్నాడా?"

నాలో రెండేళ్ళుగా అణిగి ఉన్నదంతా లేచింది. ఆయన చేయి విదిలించేశాను. "ఎవరు దేవుడు చిన్నమామా? ఇంట్లో కెమెరా పెట్టి పెండ్లాన్ని కాపలా కాసినాను. నా బిడ్డ నీళ్ళు తాగాలన్నా భయపడింది. ఆయన చెడగొట్టలేదు, నేను చెడగొట్టినాను. మీరంతా తెలిసి గమ్మునున్నారు. ఆయనొక్కడే అడిగినాడు నన్ను!" నా గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. ఇంకా ఏదో అనబోతున్నాను.

నా భార్య తండ్రి తల దగ్గర నుంచి లేవకుండానే అంది.

"గమ్మునుండు. ఈ పొద్దు కూడా అందరూ నీ మాటే వినాల్నా?"

నేను నోరు మూసుకున్నాను. వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. నేను చెప్పింది నిజమే. తనన్నదీ నిజమే. మామ ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. ఏమీ అనేవాడు కాదు.

మూడో రోజు చుట్టాలు వెళ్ళిపోయాక మిద్దె ఎక్కాను. తీగ మీద ఆయన చొక్కా ఒకటి ఆరేసి ఉంది. మదనపల్లె బయలుదేరే ముందు తానే ఉతుక్కుని ఆరేసుకున్నట్టుంది. ఎండకు బిరుసెక్కింది. సదుం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. క్లిప్పు తీయడానికి చేయి ఎత్తాను.

"ఉండనీ," అంది నా భార్య, మెట్ల మీద నుంచి.

"వానొస్తాంది."

"తెలుసు. ఉండనీ."

చేయి దించాను. తనను దాటుకుని కిందికి వచ్చేశాను. పెద్ద చినుకులు పడ్డాయి, తర్వాత జోరుగా కురిసింది. వాకిట్లో చూరు కింద నిలబడి తలెత్తి చూస్తే, పిట్టగోడ పైన చొక్కా తడిసి బరువెక్కి తీగను కిందికి లాగుతోంది. చేతుల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. దాని పక్కనే తను వానలో నిలబడి ఉంది.