ఎడమ మూల కోసిన బంపర్

2021 వానాకాలం. రాజమహేంద్రవరం దాటాక హైవే పక్కన నాకు డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. గుద్దుకున్న బళ్ళూ, గీసుకుపోయిన బళ్ళూ మా దగ్గరికి వస్తాయి. ఇంజన్ జోలికి మేం పోం. బండి ఒంటికి తగిలిన దెబ్బలే మా పని. చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను కాబట్టి, సొట్ట చూడగానే అది ఆటోకి తగిలిందో, గేటుకి తగిలిందో, ఓనరుగారి నిద్రమత్తుకి తగిలిందో చెప్పేయగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ రోజు వచ్చిన జీపుకి మాత్రం సొట్టా లేదు, గీతా లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే బురదలో దిగబడ్డా నాలుగు చక్రాలూ లాగి బయటపడేసే రకం. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. కంపెనీ బిగించిన నల్లటి ప్లాస్టిక్ బంపర్ ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఉండాలి. దానికి ఎడమ మూల లేదు. చక్రం ముందు నుంచి ఫాగ్ ల్యాంప్ దాకా ఎవరో కోసేశారు. అంచు ఎలక కొరికినట్టుంది. ల్యాంప్ ఊడి, వైరు మీద వేలాడుతోంది.

ఇంటి దగ్గర బంపర్ కోసుకోవడం ఈమధ్య కుర్రాళ్ళలో వచ్చిన ముచ్చట. ఫోన్లో వీడియో చూసి రెండు మూలలూ కోసేసి పొట్టిగా చేసుకుంటారు. దాన్ని స్టబ్బీ బంపర్ అంటాం. గట్లూ రాళ్ళూ ఎక్కేటప్పుడు బంపర్ తగలకుండా చక్రమే ముందు పట్టు దొరకబుచ్చుకుంటుంది. అది తప్పేమీ కాదు గానీ, అడ్డదిడ్డంగా కోస్తే లోపలున్న బ్రాకెట్, అంటే బంపర్‌ని పట్టి ఉంచే ఇనప చెయ్యి, బయటికి పొడుచుకొస్తుంది. పక్కనుంచి వెళ్ళేవాళ్ళ కాలు చీరుకుపోతుంది. అలాంటి బళ్ళు తెచ్చేవాళ్ళని ముందు నాలుగు తిట్టి ఆ తర్వాత పని మొదలుపెట్టడం నా అలవాటు.

ఈ బండి దిగింది కుర్రాడు కాదు. అరవై దాటిన మనిషి. పంచె పైకి ఎగ్గట్టి ఉంది, పాదాలకి ఎర్రమట్టి. పేరు సూర్యారావు గారు, కడియంలో నర్సరీ.

“ఎవరండీ దీన్నిలా కోసేసింది?” అన్నాను.

“నేనేనండి. ఇంటి దగ్గర.”

“దేంతో?”

“కొమ్మలు కోసే రంపంతోనండి. దీనికి వేరే రంపం ఉంటదా ఏంటి?”

“కొత్త బండిని కొయ్యడానికి చెయ్యెలా వచ్చిందండీ బాబూ! రెండో వైపు కూడా కోసుంటే పోన్లే, స్టైలు అనుకునేవాణ్ణి.”

“రెండో వైపు దేనికీ తగలట్లేదు కదండీ,” అన్నారాయన, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూస్తూ.

తర్వాత విషయం చెప్పారు. రోడ్డు మీంచి నర్సరీలోకి ఒక్క బండి పట్టే దారి. ఒక పక్క పంట కాలువ. మధ్యలో మలుపు. ఆ మలుపులో కాలువకి ఎదురుగా మామిడిచెట్టు. బండి తిప్పినప్పుడల్లా బంపర్ మూల దాని మొదలుకి రాసుకుని బెరడు లేచిపోతోందట.

“చెట్టు కొట్టేయొచ్చు కదా అంటారేమో,” అన్నారు నేను నోరు తెరవక ముందే. “మా తమ్ముడూ అదే అన్నాడండి. అది తల్లిచెట్టండి. కొడితే మళ్ళీ రాదు. ఇదంటారా, పోతే మీ దగ్గర దొరుకుద్ది.”

తల్లిచెట్టు అంటే ఏమిటో అప్పుడే తెలుసుకున్నాను. కాయ రుచి, కాపు, నిలకడ అన్నీ ఏళ్ళ తరబడి చూసి నర్సరీవాళ్ళు ఒక చెట్టుని ఎంచుకుంటారు. దాని పుల్లలు కోసి చిన్న మొక్కల మీద అంటు కడతారు. అలా ఆ ఒక్క చెట్టు పిల్లలు లారీలెక్కి దేశమంతా వెళ్తాయి. సూర్యారావు గారిది కొత్తపల్లి కొబ్బరి మామిడి. ఆ చెట్టు అంట్లతోనే ఆయన నర్సరీ నిలబడిందట.

ఆయన అడిగింది చిన్న పని. అంచు నున్నగా చెయ్యాలి, ల్యాంప్ నిలబెట్టాలి. నేను బ్రాకెట్ కొస కోసి లోపలికి మడిచాను. ప్లాస్టిక్ అంచుని వేడి చేసి, ఆకురాయితో అరగదీసి, రబ్బరు బీడింగ్ తొడిగాను. ల్యాంప్‌ని కొంచెం లోపలికి జరిపి బిగించాను. అయినా మనసు ఊరుకోలేదు. నిజంగా తగలకుండా తిరుగుతుందో లేదో నా కళ్ళతో చూడాలనిపించి ఆయన బండిలోనే కడియం వెళ్ళాను.

మలుపు దగ్గర బండి ఆపి ఆయన దిగారు. చెట్టుకీ బంపర్‌కీ మధ్య అరచెయ్యి పెట్టి చూసుకున్నారు. చెయ్యి దూరింది.

“చాలండి. నాకీ ఖాళీ చాలు,” అన్నారు. ఇల్లు కట్టుకోవడానికి స్థలం దొరికినంత సంతోషం ఆయన మొహంలో. బెరడు లేచిన చోట పేడా మట్టీ కలిపి మెత్తి ఉంది. ఆ చెట్టు కింద నీడ దారినీ కాలువనీ దాటి అవతలి గట్టు దాకా పరుచుకుంది.

టీ తాగుతుంటే ఒక అంటుమొక్క తెచ్చి చూడమని నా చేతికిచ్చారు. “అతుకు ఎక్కడుందో చెప్పండి చూద్దాం.” నేను వెంటనే వేలు పెట్టి చూపించాను. ఆయన నవ్వి మొక్క వెనక్కి తీసుకున్నారు. “మీక్కూడా కనపడిందంటే అది ఇంకా కలవలేదన్నమాట. బాగా కలిసిన అతుకు వేలికి కూడా తెలీకూడదండి.” ఆ మాట నాకెందుకో బాగా నచ్చింది. మా పనిలో కూడా అంతేనండీ అన్నాను.

రెండేళ్ళు గడిచాక అదే జీపు మళ్ళీ షెడ్డుకి వచ్చింది. తోలుకొచ్చింది ఆయన తమ్ముడు రాంబాబు. అన్నగారికి కళ్ళల్లో నీటికాసులు వచ్చి చూపు సన్నగిల్లిందనీ, బండి తోలడం మానేశారనీ, నర్సరీ పనులు తనే చూస్తున్నాననీ చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. మాట గౌరవంగానే ఉంది. కాకపోతే ఏ పనికైనా తొందర.

“బెంగుళూరు నుంచి మొక్కలు కొనే పార్టీలొస్తారండి. ఇదే బండిలో ఎక్కించుకుని తోటంతా తిప్పాలి. ముక్కు చెక్కేసిన బండేంటండీ అని నవ్వుతున్నారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేసెయ్యండి.”

“మరి మలుపులో చెట్టో?” అన్నాను.

“నేను చూసుకుంటానులెండి.”

నాకు నమ్మకం కుదరక సూర్యారావు గారికే ఫోన్ చేశాను. “రాంబాబు గారు మూల పెట్టేయమంటున్నారండి. ఏం చెయ్యమంటారు?”

“చేసెయ్యండి. తోలేది వాడే కదా, వాడి ముచ్చట వాడిది. మలుపులో ఒక్కసారి వెనక్కి తీసుకుని తిప్పుకుంటే సరిపోద్దండి.”

ఆ మాట నిజమే. ఒట్టి జీపు అయితే ఒకసారి వెనక్కి తీస్తే సరిపోతుంది. కానీ జీపు వెనకాల కొత్తగా బిగించిన కొక్కెం ఉంది. కుండీలు లారీ దాకా మోయడానికి రాంబాబు ట్రాలీ కొన్నాడు. ట్రాలీ తగిలించిన బండిని మలుపులో వెనక్కి తియ్యడం ఎంత కష్టమో తోలేవాళ్ళకి తెలుసు. మనం ఇటు తిప్పితే అది అటు పోతుంది. ఆ కొక్కెం నా కళ్ళ ముందే ఉంది. దానికి అంటిన దుమ్ము కూడా తుడిచాను. చెట్టుకీ దానికీ సంబంధం మాత్రం తట్టలేదు. ఫోన్లో ఆయనకీ తట్టలేదు.

కొత్త బంపర్ రావడం ఆలస్యమవుతుందన్నారు. మా షెడ్డు వెనక అదే రకం జీపు బంపర్ ఒకటి పడుంది. దాని కుడి వైపు పగిలిపోయింది గానీ ఎడమ మూల నిక్షేపంగా ఉంది. ఆ మూల కోసి దీనికి అతికాను. దీన్ని ప్లాస్టిక్ వెల్డింగ్ అంటాం. రెండు అంచుల్నీ వేడి చేసి కరిగించి, లోపలి వైపు సన్నటి ఇనప జల్లెడ పొదిగి, పైన అదే జాతి ప్లాస్టిక్ కడ్డీ కరిగించి నింపుతాం. చల్లారాక అరగదీసి, కంపెనీ బంపర్ మీద ఉండే గరుకు వచ్చేలా టెక్చర్ పెయింట్ కొడతాం. ఆ పని మీద ఎంత మనసు పెట్టానో చెప్పలేను. సూర్యారావు గారి మాట చెవిలో ఉంది మరి. అయ్యాక కళ్ళు మూసుకుని వేలితో రాసి చూశాను. తెలియలేదు. ఫోటో తీసి వచ్చినవాళ్ళందరికీ చూపించాను. రాంబాబు కూడా మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో జీపు వెనక డోరుకి ట్రాలీ గీసుకుందని రాంబాబు మళ్ళీ తెచ్చాడు. ముందు సీట్లో సూర్యారావు గారు కూర్చుని ఉన్నారు. చెయ్యి పట్టుకుని దింపి, కుర్చీ వేశాను. నా గొంతు గుర్తుపట్టారు.

“చెట్టు బావుందా అండీ? కాపొచ్చిందా?” అని మామూలుగా అడిగాను.

రాంబాబే అందుకున్నాడు. “ట్రాలీ వెనక్కి తీస్తుంటే కాలువలో పడిపోయిందండి. కుండీలన్నీ పోయినాయి. ఇంకోసారి పడితే పైన కూర్చున్న ఆడకూలీల గతేంటి? ఇంక చెట్టు కొట్టించక తప్పలేదండి.” అని టీ చెప్పొస్తానంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అతని మాటలో అబద్ధం లేదు.

“నేను కంటి ఆపరేషన్‌కని ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నానండి అప్పుడు,” అన్నారు సూర్యారావు గారు. “ఎవరూ చెప్పలేదు నాకు. ఇంటికి తీసుకెళ్తున్నాడు. మలుపు తిరుగుతుంటే మొహాన ఎండ కొట్టింది. అక్కడ ఎప్పుడూ ఎండ తగలదండి. ఆపరా అన్నాను. వాడు ఆపలేదు.”

“నేనా మూల అతక్కపోయినా బావుండేదండి,” అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది నాకు.

“మీరు నన్ను అడిగారు కదండీ. నేనే చెయ్యమన్నాను. వాడు ట్రాలీ కొన్న సంగతి తెలిసి కూడా నాకు తోచలేదు.”

“పోనీ, దాని అంట్లు ఎక్కడైనా ఉంటాయేమో...”

“దేశమంతా ఉన్నాయండి. ఏ ఊరు వెళ్ళి ఏ చెట్టుని అడుగుతాం? కట్టినవి కట్టినట్టే అమ్మేశాను, నా దగ్గర మాత్రం ఒక్కటీ ఉంచుకోలేదు. తల్లి ఉంది కదా అనుకున్నాను.”

కాసేపటికి లేచి, తడుముకుంటూ జీపు ముందుకి వెళ్ళారు. వంగి బంపర్ మీద అరచెయ్యి పెట్టి ఎడమ వైపుకి మెల్లగా జరుపుకుంటూ వచ్చారు. మూల దాకా వెళ్ళారు. మళ్ళీ వెనక్కి వచ్చారు.

“ఎక్కడ అతికారండీ?”

ఆయన వేలు పట్టుకుని ఆ చోట పెట్టాను. చాలాసేపు అక్కడే రాస్తూ ఉన్నారు.

“తెలీట్లేదండి,” అన్నారు. “బాగా కలిసింది.”

ఇప్పుడు ఎవరైనా ఇంటి దగ్గర చేత్తో కోసుకున్న బండి తెస్తే తిట్టడం మానేశాను. బండి చుట్టూ తిరిగి చూస్తాను, వెనకాల ఏం తగిలిస్తున్నారో చూస్తాను, ఆ తర్వాత ఇది రోజూ ఏ దారిన పోతుందండీ అని అడుగుతాను. దగ్గరైతే వెళ్ళి చూసి వస్తాను. బంపర్ అతకమంటే దారి చూస్తానంటాడేంటని కొందరు నవ్వుతారు, నవ్వనీ. ఇన్నేళ్ళ పనిలో వేలికి తెలియని అతుకు నా చేతి మీదుగా అదొక్కటే వచ్చింది. ఆ ఫోటో ఇంకా ఫోన్లోనే ఉంది. మీ పనితనం ఏదైనా చూపించండని ఎవరైనా అడిగితే వేరేవి చూపిస్తాను.