ఫైలు పైన నా పేరు

చాంద్రాయణగుట్టలో ఒక టైలరు దుకాణం మీది గదిలో, నేనూ ఇంకో ఇద్దరూ కలిసి ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ రాసేవాళ్లం. రెండువేల ఐదు దాటిన రోజులు. వెబ్‌సైట్లు కట్టేవాళ్లు ప్రతిసారీ మొదటినుంచీ రాసుకోకుండా వాడుకునే సరంజామా అది. ఉచితంగా ఇచ్చేవాళ్లం. దాని మూలభాగాన్ని కోర్ అనేవాళ్లం. అందులోకి ఏది రావాలో తేల్చేది నేను.

అందులో ఎక్కడ తప్పు జరిగినా తెర మీద తెల్ల పేజీ వచ్చేది, అంతే. కారణం వెతుక్కోవడానికే పూట గడిచిపోయేది. పురానాపూల్‌లో ఇంటర్నెట్ సెంటర్ చూసుకునే మిత్రుడొకడు తన అవసరానికి ఒక పనిముట్టు రాసుకున్నాడు. అది జోడిస్తే తెల్ల పేజీ బదులు తప్పు ఏ ఫైలులో, ఎన్నో వరుసలో జరిగిందో కనిపించేది. వాడినవాళ్లంతా దాన్ని కోర్‌లోనే పెట్టమన్నారు. అడగ్గానే అతను ఒప్పుకున్నాడు.

"తీస్కో అన్నా. అందరికీ పనికొస్తే నాకు మస్తు ఖుషీ. పైన నా పేరుంటది గదా, చాలు."

ఉంటుందన్నాను.

కోర్‌లోని ప్రతి ఫైలు పైనా ఒకే నమూనా ఉండాలని నియమం. రచయిత అన్నచోట నా పేరు. ఆ నియమం పెట్టింది కూడా నేనే. అతని ఫైళ్లను మా పద్ధతికి మారుస్తూ, అతని పేరున్న వరుస తీసేసి మా నమూనా అతికించాను. మరిచిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. మరిచిపోలేదు. విడుదలయ్యాక మెచ్చుకుంటూ మెయిళ్లు వచ్చాయి. ఇది నాది కాదని ఒక్కదానికీ జవాబివ్వలేదు. అతను ఒకసారి మెల్లగా గుర్తుచేస్తే, తర్వాతి విడుదలలో చూద్దామన్నాను.

ఆలోగా అతనికి ఒక కంపెనీలో ఇంటర్వ్యూ వచ్చింది. డిగ్రీ మధ్యలో ఆపేసినవాడు. చూపించుకోవడానికి ఆ పనిముట్టు తప్ప ఇంకేమీ లేదు. అది తనదని చెబితే వాళ్లు అక్కడే ఫైలు తెరిచి చూశారట. ఇంటర్వ్యూ అక్కడితో ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కా నలగకుండానే నేరుగా మా గదికి వచ్చాడు.

తప్పు నాదని ఇప్పుడే వాళ్లకు మెయిల్ రాస్తానన్నాను.

"రాయి అన్నా. గానీ ఆడ నల్గురి ముందట దొంగ లెక్క నిలబడ్డ. గా మచ్చ ఏ మెయిల్‌తోని పోతది?"

రాశాను. జవాబు రాలేదు. ఆ పూటే ఫైళ్లన్నిటి పైనా అతని పేరు పెట్టాను.

కొన్ని నెలల తర్వాత ఆ పనిముట్టులో ఒక లోపం బయటపడింది. ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు. మెయిల్ చేసే ధైర్యం లేక పురానాపూల్‌కే వెళ్లాను. ఎవరిదో దరఖాస్తు టైపు చేస్తున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"నాకు ఆ పని రాదన్నా," అన్నాడు తల ఎత్తకుండా. "కంపెనోళ్లు గట్లనే రాస్కున్నరు."

ఆ లోపాన్ని చివరికి నేనే సరిచేశాను. పదకొండు రోజులు పట్టింది. అతనైతే ఒక్క పూటలో చేసేవాడు.