ఒకటే ఉంచుకునే పెట్టె

కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ గదిలో రబ్బానీ ఐదేళ్ల పాటు రోజూ సాయంత్రం నాలుగింటికి, ఎక్స్‌రేలన్నీ నకలు ఎక్కిన ఒక టేపు తీసేవాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసి, చేతిరుమాలులో చుట్టి, ఖాళీ టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఆసుపత్రి ఎక్స్‌రేల నకళ్లన్నీ వాళ్లమ్మ ట్రంకుపెట్టెలో రంజాను బట్టల కింద ఉండేవి. 2008లో, ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ చేరకుండా నకళ్లు తగ్గించే సాఫ్ట్‌వేరు కంప్యూటర్‌లో వేశారు. ఆ బరువుకు కంప్యూటర్ నత్తలా నడిచి, ఓపీ చీటీల వరుస గేటు దాకా పెరిగింది. అందుకని అదే పనిని తనలోనే చేసుకుంటూ నకళ్లు దాచే యంత్రప్పెట్టె ఒకటి కొన్నారు.

"ముప్పై దినాల నకళ్లకు ఒకే బొమ్మను ముప్పైసార్లు దాచేదెందుకప్పా? ఇది ఒకటే ఉంచుకుంటాది. మిగతా దినాలకు అది యాడుండాదో గుర్తు పెట్టుకుంటాది," అన్నాడు పెట్టె అమర్చిన కిరణ్‌కుమార్.

"ఆ ఒకటీ చెడిపోతే?"

"నీకింకా ఆ ట్రంకుపెట్టె మీంద మనసు పోల్యా," అని నవ్వి, అతను టేపులన్నీ చెరిపించాడు.

మరుసటి వేసవిలో ఒక ఉదయం ఎక్స్‌రేల కంప్యూటర్ పాడైంది. అప్పటికే హుస్సేన్ బీ అనే రోగి ఆపరేషన్ బల్ల మీద ఉంది. పాత ఎక్స్‌రే చూడందే కత్తి పట్టనన్నాడు డాక్టరు. "ముప్పై దినాలవి ఉండాయి, కూర్చోండి భాయ్," అని ఆమె భర్తకు చెప్పి, రబ్బానీ పెట్టెలోంచి ఆమె ఎక్స్‌రే సోమవారం నకలు తెరిచాడు. బొమ్మ చెడిపోయి, ఊపిరితిత్తి కింది సగం ఉండాల్సిన చోటంతా ఉత్త బూడిదరంగు. ఆదివారంది తెరిచాడు. అదే చోట అదే బూడిద. శనివారంది కూడా అంతే. మిగతా దినాలవీ తెరిచాడు; అన్నీ పెట్టె ఉంచుకున్న ఆ ఒక్క చెడిన బొమ్మనే చూపాయి.

గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త మెల్లగా అన్నాడు:

"ముప్పై ఉండాయంటివి గదన్నా. మాకు ఒగటి చాలు."