అన్నయ్య వ్యానులో ఎర్ర స్విచ్

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఏలూరులో బళ్ల వైరింగు షాపు నాది. లైటు వెలిగిందంటే ఎక్కడో కరెంటు ఉండి తీరాలి, నా శాస్త్రం అంతే. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "ముందు ఫ్యూజు చూశారా అండీ?" అని ఆటపట్టించేవాణ్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అన్నయ్య పాత వ్యాను ఒకటి కొని, అందులో మంచం, గ్యాస్ స్టవ్, బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్ పెట్టించాడు. అంతా అమ్మ కోసమే. అమ్మకు షుగరు. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. చింతలపూడిలో ప్రార్థన కూడికలకైనా, కొల్లేటి పక్షుల్ని చూడ్డానికైనా మందుతో సహా అమ్మను తిప్పాలని అన్నయ్య సరదా.

ఆ ఫ్రిజ్ చప్పుడు చేసేది కాదు. "నడుస్తోందంటావా నాన్నా?" అని అమ్మ దారిపొడుగునా అడిగేది. అందుకని ఆన్ చేస్తే ఎర్రగా వెలిగే స్విచ్ ఒకటి, మంచం మీంచి కనబడేలా నేనే బిగించాను. ఇక అమ్మ దాన్ని చూస్తూ నిద్రపోయేది.

అన్నయ్య నలభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు.

అమ్మ ఏడవలేదు. ఇంజెక్షన్ మానేసింది. "నా బిడ్డ మట్టిలో ఉంటే నాకెందుకురా మందు?" అంది. డాక్టరుగారు కోప్పడ్డారు, పాస్టరుగారు నచ్చజెప్పారు, నేను కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. రోజురోజుకీ నీరసించిపోతోంది. అమ్మ కూడా పోతుందని హడలిపోయాను.

ఒక మధ్యాహ్నం అన్నయ్య వ్యానులో కూర్చుంటానంది. ఎత్తుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టాను. స్విచ్ ఎర్రగా వెలుగుతోంది.

బ్యాటరీ అంతకుముందే విప్పి షాపులో పెట్టేశాను. అయినా దిగి వెళ్లి చూశాను, దాని చోటు ఖాళీగానే ఉంది. వైర్లకు టెస్టరు పెట్టాను. కరెంటు లేదు. ఎండ పడి మెరుస్తోందేమోనని కిటికీకి దుప్పటి అడ్డం కట్టాను. ఇంకా బాగా కనబడింది.

అమ్మ దానివైపు చాలాసేపు చూసింది. అన్నయ్య పోయాక మొదటిసారి అప్పుడు ఏడ్చింది. తర్వాత చెంగుతో కళ్లు తుడుచుకుని, జాకెట్టు చేతిని పైకి లాక్కుని, "మందు తేరా" అంది.

నేను ఇంట్లోంచి తెచ్చేసరికి లైటు ఆరిపోయింది. ఆ స్విచ్ విప్పి ముక్కలు చేసి చూశాను. ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్లు బతికింది. అదెలా వెలిగిందో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు నేనూ ఏడ్చాను, భయంతో మాత్రం కాదు. చచ్చిపోయి కూడా అన్నయ్య అమ్మను బతికించుకున్నాడు. నేను పక్కనే ఉన్న కొడుకుని, అయినా నా వల్ల కాలేదు.